రెక్కలకు ఎముకలు పెట్టినవాళ్ళు

నేనెరిగిన మొదటి డ్రాగన్ గుర్రమెక్కి వచ్చింది.

నూజివీడులో మా ఇంట్లో అట్ట ఊడిపోయిన రష్యన్ జానపద కథల పుస్తకం ఒకటుండేది. తెలుగులోదే. విశాలాంధ్ర వాళ్ళ పుస్తకాల వ్యాను ఊళ్ళోకి వచ్చినప్పుడు నాన్న కొన్నారట. అందులో చూదో యూదో అనే రాకాసి ఉంది. స్మొరోదినా నది మీద కాలినోవ్ వంతెన, ఆ వంతెన కింద కత్తి పట్టుకుని కాపలా కాసే రైతుబిడ్డ ఇవాన్. మొదటి రాత్రి ఆరు తలల చూదో యూదో వస్తుంది, రెండో రాత్రి తొమ్మిది తలలది, మూడో రాత్రి పన్నెండు తలలది. వంతెన మధ్యకి రాగానే దాని గుర్రం తడబడుతుంది, భుజం మీది కాకి ఉలిక్కిపడుతుంది, వెనక వచ్చే నల్లకుక్కకి రోమాలు నిక్కబొడుచుకుంటాయి. ఇవాన్ తలలు నరుకుతుంటే అది తన నిప్పు వేలితో తాకి వాటిని మళ్ళీ అతికించుకుంటుంది. చివరికి ఇవాన్ ఆ వేలినే తెగ్గొడతాడు.

నాకు భయం వెయ్యలేదు. అన్ని తలలది గుర్రం మీద ఎలా కూర్చుంది అన్నదొక్కటే నా బాధ. దానికి కాళ్ళున్నాయా? ఉంటే ఎన్ని? నాన్నని అడిగితే, కథలో అయితే ఎలాగైనా కూర్చుంటుందిలే అన్నారు. తాతయ్య మాత్రం కాసేపు ఆలోచించి, "పన్నెండు తలల బరువమ్మా! గుర్రం తడబడదా మరి?" అన్నారు. గుర్రం తడబడింది ఇవాన్‌ని పసిగట్టి అని కథ చెబుతుంది. తాతయ్య చెప్పిన కారణమే నాకు నచ్చింది. ఇప్పటికీ అదే నచ్చుతుంది.

హైదరాబాద్‌లో విజువల్ ఎఫెక్ట్స్ స్టూడియోల్లో 18 ఏళ్ళుగా నేను చేస్తున్న పనిని రిగ్గింగ్ అంటారు. కంప్యూటర్లో చెక్కిన బొమ్మ అచ్చం శిల్పంలాగే కదలకుండా ఉంటుంది. దాని లోపల ఎముకలు పేర్చి, కీళ్ళు బిగించి, ఏ కీలు ఎటు ఎంతవరకు తిరగాలో కట్టడి చేసి, పైన చర్మం ముడతపడేలా అమర్చి యానిమేటర్ చేతికివ్వాలి. డ్రాగన్‌ని ప్రాణంగా చూసుకునే అభిమానులు లోకమంతా ఉన్నారు. వాళ్ళు స్మాగ్ పేరో టూత్‌లెస్ పేరో చెప్పి కళ్ళు మెరిపిస్తుంటే నాకు మాత్రం ఆ రెక్క వెనక ఎముక పెట్టిన చేతులు గుర్తొస్తాయి. ఆ చేతుల చరిత్ర నూరేళ్ళది.

1924లో మొదలుపెడతాను. జర్మనీలో ఫ్రిట్జ్ లాంగ్ ‘డీ నిబెలుంగెన్’ అని రెండు భాగాల మూకీ సినిమా తీశాడు. మొదటి భాగంలో సీగ్‌ఫ్రీడ్ అనే యువకుడు అడవిలో డ్రాగన్‌ని చంపుతాడు. దాని కోసం ఉఫా స్టూడియో వాళ్ళు నిజంగానే ఒక పెద్ద డ్రాగన్‌ని కట్టారు. బొమ్మ లోపల మనుషులు దూరి దాన్ని కదిపారు. తల తిప్పడం, తోక ఊపడం, నోటివెంట మంటా పొగా రావడం అన్నీ వాళ్ళ చేతుల మీదుగానే. మన జాతరల్లో ప్రభని మోసేవాళ్ళని చూసినవాళ్ళకి ఈ పని అర్థమవుతుంది. పైన కనిపించే వైభవమంతా కింద ఎవరి భుజాల మీదో ఉంటుంది.

ఆ సన్నివేశాన్ని నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. డ్రాగన్ ఎవరి జోలికీ పోలేదు. మడుగు దగ్గరికొచ్చి నీళ్ళు తాగుతోంది. సీగ్‌ఫ్రీడ్ కత్తి దూసి దాని కన్ను పొడుస్తాడు. ఆ పెద్ద శరీరం మెల్లగా ఒరిగిపోతుంటే నాకు గుండె కలుక్కుమంటుంది. దాని నెత్తుట్లో స్నానం చేసిన సీగ్‌ఫ్రీడ్‌కి ఒళ్ళంతా వజ్రకాయమవుతుంది, భుజం వెనక ఆకు రాలి పడిన చోటు తప్ప. గాంధారి చూపు పడని దుర్యోధనుడి తొడలు మనకి తెలుసు కాబట్టి ఆ ఆకు దేనికి రాలిందో తెలుగు ప్రేక్షకుడికి విప్పి చెప్పక్కర్లేదు.

ఆ బొమ్మలో లోటు లేకపోలేదు. మెడ ఒక పక్కకి తిరిగేటప్పుడు చర్మం గుడారపు గుడ్డలా మడతపడుతుంది. కానీ దానికి నిజమైన బరువుంది. నేలని ఆనుకుని ఉంది. ఆ తర్వాత వచ్చిన చాలా డ్రాగన్లకి అందం ఎక్కువ, ఆ ఆనుడు తక్కువ.

తర్వాత రే హ్యారీహౌసెన్. అమెరికన్. 1920లో పుట్టాడు. 13వ ఏట ‘కింగ్ కాంగ్’ చూశాడు, ఇక ఆ కోతిని ఎలా కదిపారో తెలుసుకోవడమే అతని బతుకైపోయింది. గుప్పెడో మూరెడో ఉండే బొమ్మలోపల ఉక్కు అస్థిపంజరం పెట్టి, దానిపైన రబ్బరు చర్మం తొడిగి, ఒక్క వెంట్రుకవాసి కదిపి ఒక ఫొటో, మళ్ళీ వెంట్రుకవాసి కదిపి ఇంకో ఫొటో. తెరమీద ఒక్క సెకనుకి 24 ఫొటోలు కావాలి. మధ్యలో ఎవరైనా పిలిచి పలకరిస్తే తల ఎటు తిప్పుతున్నాడో, తోక ఎక్కడున్నదో మరిచిపోయే ప్రమాదం ఉంటుంది. అందుకే ఎక్కువగా ఒంటరిగా పనిచేశాడు. ఆ ఉక్కు కీళ్ళని తయారుచేసిచ్చింది అతని తండ్రి. ఆయన మెషినిస్టు. తల్లి చిన్నచిన్న బొమ్మలకి బట్టలు కుట్టేది. ఈ సంగతి మొదటిసారి తెలిసినప్పుడు నేను ఆ రోజంతా మా నాన్నతో ఫోన్లో ఈ కబురే చెప్పాను. పెద్ద స్టూడియోలో పుట్టిందనుకున్న డ్రాగన్ ఒక ఇంటివాళ్ళ చేతుల్లో పుట్టింది.

1958లో వచ్చిన ‘సెవెంత్ వాయేజ్ ఆఫ్ సింద్‌బాద్’లో సొకూరా అనే మాంత్రికుడు తన గుహ ముందు డ్రాగన్‌ని గొలుసుతో కట్టేసి ఉంచుతాడు. దీనికి రెక్కల్లేవు, నాలుగు కాళ్ళే. ఆ గొలుసు చూడండి. డ్రాగన్ ముందుకి దూకబోతే గొలుసు బిగుసుకుంటుంది, మెడ ఒక్కసారి వెనక్కి లాగినట్టవుతుంది. గొలుసులో లంకెలన్నీ ఫ్రేము ఫ్రేముకీ చేత్తో కదపాలి. ఎవరూ అడగని పని అది. కట్టేసిన జంతువు ఎలా ఉంటుందో తెలిసినవాడు కాబట్టి చేశాడు. మంట మాత్రం బొమ్మ నోట్లోంచి రాలేదు. విడిగా చీకట్లో అగ్నిజ్వాలా యంత్రంతో మంట తీసి, ఆ ఫిల్ముని బొమ్మ ఫిల్ము మీద కలిపారు.

ఆ కాలంలోనే, 1956లో, సోవియట్ దర్శకుడు అలెక్సాందర్ ప్తుష్కో ‘ఇల్యా మూరొమెత్స్’ తీశాడు. అందులో మూడు తలల గొరీనిచ్ పాము ఉంటుంది. నా చిన్నప్పటి పుస్తకంలోని వంశమే. పెద్దయ్యాక దాన్ని చూస్తూ నేను లెక్కపెట్టుకున్నది ఒకటే: మూడు మెడలు ఒంటికి ఎక్కడ అతుక్కున్నాయి? ఒక భుజానికి మూడు మెడలు పెట్టడం మా పనిలో ఇవాళ్టికీ పెద్ద తలనొప్పి. ఒకటి తిప్పితే మిగతా రెండింటి చర్మం లాక్కుపోతుంది.

హ్యారీహౌసెన్ పద్ధతిలో ఒక చిక్కుంది. తిరిగే ఫ్యాన్‌ని ఫొటో తీస్తే రెక్కలు మసకగా పడతాయి. కదిలే ప్రతి వస్తువుకీ కెమెరాలో ఆ మసక ఉంటుంది, మన కంటికి ఆ మసకే కదలిక. బొమ్మని ఆపి ఆపి ఫొటో తీస్తే ప్రతి ఫ్రేమూ గీసినట్టు స్పష్టంగా వస్తుంది. అందుకే ఆ బొమ్మలు తెరమీద కాస్త కుదుపులతో కదులుతున్నట్టు కనిపిస్తాయి. దీనికి మందు కనిపెట్టింది ఐఎల్ఎం అనే విజువల్ ఎఫెక్ట్స్ సంస్థ వాళ్ళు. బొమ్మకి సన్నటి కడ్డీలు తగిలించి, వాటిని కంప్యూటర్‌తో నడిచే మోటార్లకి కలిపి, కెమెరా కన్ను తెరిచి ఉన్న ఆ లిప్తపాటులో బొమ్మ కాస్త కదిలేలా చేశారు. దాన్ని గో మోషన్ అన్నారు. ఆ పని పూర్తిగా వికసించిన సినిమా 1981 నాటి ‘డ్రాగన్ స్లేయర్’. మాథ్యూ రాబిన్స్ దర్శకత్వం, డిస్నీ, పారమౌంట్ కలిసి తీశాయి. డ్రాగన్ కదలికల్లో యానిమేటర్ ఫిల్ టిపెట్ చెయ్యి ఉంది. సినిమా పెద్దగా ఆడలేదు. నా దృష్టిలో మాత్రం తెరమీద ఇంతకన్నా గొప్ప డ్రాగన్ పుట్టలేదు. ‘గేమ్ ఆఫ్ త్రోన్స్’ కథ రాసిన జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ కూడా దీన్ని నెత్తిన పెట్టుకున్నవాడే.

దాని పేరు వెర్మిత్రాక్స్. ముసలిది. రెక్కలు చిరిగి ఉంటాయి. ఇంత వయసొచ్చిన డ్రాగన్‌కి నొప్పి తప్ప ఇంకేం తెలియదని సినిమాలో ముసలి మాంత్రికుడే చెబుతాడు. గుహలో దాని పిల్లల్ని కథానాయకుడు చంపేస్తాడు. తల్లి తిరిగొచ్చి ఒక పిల్లని మూతితో మెల్లగా నెట్టి చూస్తుంది. కదలదు. మళ్ళీ నెడుతుంది. దూడ చచ్చిపోయిన పశువు చేసే పనే అది. పల్లెలో పుట్టినవాళ్ళకి ఎవరికైనా ఆ నెట్టడం తెలుసు. అప్పటిదాకా ఊరి కన్యల్ని మింగిన రాక్షసి ఆ రెండు నెట్టుళ్ళతో తల్లయిపోతుంది. రబ్బరు, ఉక్కు, నాలుగు మోటార్లు. అంతే.

ఇంకో సంగతి. వెర్మిత్రాక్స్‌కి కాళ్ళు రెండే. ముందరికాళ్ళ పని రెక్కలే చేస్తాయి. గుహలో పాకేటప్పుడు మడిచిన రెక్క మోచేతిని నేలకి ఆనించి ఒంటిని లాక్కుంటూ వస్తుంది. బొమ్మల్లో గీసే డ్రాగన్లలో చాలావాటికి నాలుగు కాళ్ళుండి, పైన రెండు రెక్కలు వేరే ఉంటాయి. కాగితం మీద బాగానే ఉంటుంది. ఎముకలు పేర్చే నాలాంటి దానికి అక్కడే చెయ్యి ఆగిపోతుంది. పక్షికి రెక్కలే చేతులు, గబ్బిలానికీ అంతే. వెన్నెముకున్న ఏ జీవికీ కాళ్ళు, చేతులు, రెక్కలు కలిపి ఆరు లేవు. ఒకే భుజం మీద చెయ్యి, రెక్క రెండూ పెడితే ఎగరడానికి కావలసిన ఛాతీ కండ ఎక్కడ పుట్టాలి?

ఈ ప్రశ్నకి జవాబు నాకు స్టూడియోలో దొరకలేదు. తొమ్మిదో తరగతి వేసవి సెలవుల్లో మా తాతయ్య మామిడితోటలో చూసిందే జవాబు. కాయల మీద కప్పిన వలలో ఒక పెద్ద గబ్బిలం చిక్కుకుంది. తాతయ్య తువ్వాలు చేతికి చుట్టుకుని, ఒక్కొక్క పోగూ కత్తెరతో తెంపి దాన్ని విడిపించారు. అది ఎగరలేదు. కొమ్మ మీదకి పాకింది. రెక్క మొత్తం గొడుగులా మూసుకుని, మణికట్టు దగ్గరున్న బొటనవేలి కొక్కెంతో బెరడుని పట్టి, భుజం పైకెత్తి, ఒంటిని ఈడ్చుకుంది. తర్వాత రెండో కొక్కెం. ప్రతి అడుగుకీ భుజం ముందు లేచేది, తల ఆ తర్వాత వచ్చేది. చాలా ఏళ్ళకి వెర్మిత్రాక్స్ గుహలో పాకడం చూసి సోఫాలో నిటారుగా లేచి కూర్చున్నాను. అదే వరస. భుజం ముందు, తల తర్వాత. ఆ మనుషులూ ఎక్కడో గబ్బిలాన్ని చూసే ఉంటారనిపించింది.

ఇక 1993. ‘జురాసిక్ పార్క్’ రావడంతో బొమ్మల కాలం పోయింది. ఆ సినిమాకి మొదట గో మోషన్ డైనోసార్లే అనుకున్నారు. కంప్యూటర్ పరీక్ష చూశాక ఆ ఆలోచన మానుకున్నారు. టిపెట్ కుంగిపోయాడంటారు. కానీ జంతువు ఎలా నడుస్తుందో కంప్యూటర్ ముందు కూర్చున్న కుర్రాళ్ళకి తెలియదు, అతనికి తెలుసు. అతని మనుషుల కోసం లోపల సెన్సర్లున్న ఉక్కు అస్థిపంజరం తయారుచేశారు. దాన్ని చేత్తో వంచితే కంప్యూటర్లో బొమ్మ వంగేది. హ్యారీహౌసెన్ తండ్రి లేత్ మెషిన్ మీద చేసిన ఉక్కు కీలు ఆ రోజు కంప్యూటర్లోకి అడుగుపెట్టింది. నేను మౌస్‌తో తిప్పే ప్రతి కీలుకీ అదే వంశం.

1996లో ‘డ్రాగన్ హార్ట్’ వచ్చింది. అందులో డ్రేకో అనే డ్రాగన్ మాట్లాడుతుంది. గొంతు షాన్ కానరీది. మూతి కదపడానికి ఐఎల్ఎం ప్రత్యేకంగా కారికేచర్ అనే సాఫ్ట్‌వేర్ రాసుకుంది. కానరీ పాత సినిమాల్లోంచి ముఖకవళికలు ఏరి దగ్గర పెట్టుకుని పనిచేశారు. బోవెన్ అనే యోధుడు డ్రేకో నోట్లో ఇరుక్కుని, కత్తి దాని అంగిలికి ఆనించి, ఇద్దరూ కదల్లేక రాత్రంతా కబుర్లాడుకునే సన్నివేశం నాకు చాలా ఇష్టం.

మాట్లాడే డ్రాగన్లు పుస్తకాల సొత్తు. ఆ మాట చెప్పాక టోల్కీన్‌ని తలుచుకోకుండా ఉండలేను. ఏడేళ్ళప్పుడో ఏమో ఆయన ఒక డ్రాగన్ కథ రాశాడట. ‘ఆకుపచ్చ పెద్ద’ డ్రాగన్ అని రాస్తే వాళ్ళమ్మ, అలా అనకూడదు, ‘పెద్ద ఆకుపచ్చ’ డ్రాగన్ అనాలని దిద్దింది. ఎందుకనకూడదన్నది ఆయనకి జీవితాంతం ప్రశ్నగానే మిగిలింది. తెలుగులో ఎలా చెప్పినా చెల్లిపోతుంది. పెద్దయ్యాక ఆక్స్‌ఫర్డ్‌లో పాత ఇంగ్లిష్ ఆచార్యుడై, 1936లో ‘బెయొవుల్ఫ్’ కావ్యం మీద ప్రసంగిస్తూ, అందులో రాక్షసులే అసలు ప్రాణమని వాదించాడు. మరుసటి ఏడు ‘ది హాబిట్’ వచ్చింది. బెయొవుల్ఫ్‌లో డ్రాగన్ గుట్టలోంచి ఒక పాత్ర దొంగతనమవుతుంది, ఊళ్ళు తగలబడతాయి. ‘హాబిట్’లో డ్రాగన్ స్మాగ్ దగ్గరా దొంగతనమయ్యేది పాత్రే. బెయొవుల్ఫ్ కావ్యానికి ఉన్న ఒకే ఒక్క రాతప్రతి 1731లో లండన్‌లో అగ్నిప్రమాదంలో చిక్కి, అంచులు కాలి బయటపడింది. నిప్పు కక్కే డ్రాగన్ కథ నిప్పులోంచి బతికొచ్చింది. ఆ కాలిన అంచుల ఫొటో నా టేబుల్ ముందు అంటించుకున్నాను.

స్మాగ్ తెరమీదకొచ్చినప్పుడు మళ్ళీ కాళ్ళ గొడవే. 2012లో మొదటి ‘హాబిట్’ సినిమాలో ముందరికాలు ఒకటి కనిపించింది. 2013లో రెండో సినిమాకి వచ్చేసరికి మనసు మార్చుకుని రెక్కల్నే ముందరికాళ్ళు చేశారు. మొదటి సినిమా పొడిగించిన ప్రతిలో ఆ కాలునీ సరిదిద్దారు. వెర్మిత్రాక్స్ నడక గెలిచింది.

జపాన్‌లో హయావో మియజాకి తీసిన ‘స్పిరిటెడ్ అవే’లో (2001) గాయపడిన హకు అనే డ్రాగన్ నోరు తెరిచి చిహిరో అనే చిన్నపిల్ల మందు ముద్ద మింగించే సన్నివేశం ఉంది. కుక్క నోరు తెరిచి మందు వేస్తున్నట్టు గియ్యండి అన్నాడాయన. గియ్యాల్సిన కుర్రాళ్ళలో కుక్కని పెంచినవాళ్ళు లేరు. సరే, పశువుల ఆస్పత్రికి వెళ్ళి, కుక్క దవడ పట్టి తెరుస్తుంటే వీడియో తీసుకొచ్చారు. ఆ పిల్ల చెయ్యి దవడల మధ్య నలిగిపోతుందేమోనని మనం ఊపిరి బిగబట్టేది అందుకే. 2010లో వచ్చిన ‘హౌ టు ట్రెయిన్ యువర్ డ్రాగన్’లో టూత్‌లెస్‌ది పిల్లి ఒళ్ళు, కుక్క మనసు. క్రెసిడా కవెల్ పుస్తకంలో అది బుల్లిది, మాటలొచ్చినది. సినిమాలో పెద్దది, నల్లటిది, మూగది. పిల్లవాడు నేలమీద దాని మొహం గీస్తే, అదీ ఒక చెట్టుకొమ్మ నోట కరిచి గీతలు గీస్తుంది. అతను గీత తొక్కినప్పుడల్లా గుర్రుమంటుంది. మాట ఒక్కటీ లేదు. మన ‘ఈగ’లో (2012) కూడా ముఖకవళికలు లేని పురుగు చేతులతోనే కోపం, ప్రేమ చూపించింది. ఆ సినిమా మా పరిశ్రమలో చాలామందికి ధైర్యమిచ్చింది.

కాళియుడు డ్రాగనా అని నన్ను పిల్లలు అడుగుతుంటారు. నాగుడు. అయితే మా తాతయ్య పూజలో ఉండే ఇత్తడి విగ్రహంలో బరువు సంగతి ఎంత బాగా పట్టారో! కృష్ణుడి ఒక కాలు పడగ మీద ఆనింది, ఇంకో కాలు లేచింది, చేత్తో తోక పట్టుకున్నాడు. ఆ తోక వదిలేస్తే పిల్లాడు పడిపోతాడనిపిస్తుంది. భాగవతంలో కృష్ణుడు కాళియుణ్ణి చంపడు. మడుగు వదిలి రమణక ద్వీపానికి పొమ్మంటాడు. చావని పాముని ఏం చెయ్యాలో ఆలోచించిన కథ అది.

నా మొదటి డ్రాగన్ నేను కోరుకున్నట్టు రాలేదు. కంపెనీ పేరెందుకు, ఒక బయటి దేశపు సీరియల్‌కి పని. పదకొండుసార్లు వెనక్కొచ్చింది. రెక్క ఒంట్లోంచి దూసుకుపోవడం, మోకాలు వెనక్కి తిరగడం లాంటివన్నీ సరిచేశాను. పన్నెండోసారి కూడా తిరిగొచ్చింది. ఈసారి చీటీలో ఒకే ముక్క: బరువు లేదు. ఆ రాత్రి ఇంటికెళ్ళి ఏడ్చాను. మరునాడు భుజం ఎముకని వెనక్కి జరిపి, ప్రతి అడుగుకీ ముందు భుజం లేచేలా, పొట్ట చర్మం అరక్షణం ఆలస్యంగా కదిలేలా మళ్ళీ కట్టాను. గబ్బిలం గుర్తొచ్చింది.

పోయిన సంక్రాంతికి మా టీంలో కొత్తగా చేరిన అమ్మాయి మాతో నూజివీడు వచ్చింది. సిటీలో పుట్టి పెరిగింది. దాని షాట్‌లో డ్రాగన్ ఎగిరొచ్చి కొండ మీద పడుకోవాలి. ఎగరడం బాగా చేసింది. పడుకోవడం దగ్గర ఆగిపోయింది. "అక్కా, ఇంత పెద్దది ఎలా పడుకుంటుంది?" అంది. సాయంత్రం దొడ్డిలోకి తీసుకెళ్ళాను. మేతనుంచి వచ్చిన గేదె కుడితి తాగి, నేలని ఒకసారి వాసన చూసి, ముందరి మోకాళ్ళు ఒకదాని తర్వాత ఒకటి మడిచింది. వెనకభాగం గాల్లోనే ఉంది. కాసేపు అలాగే ఆగింది. తర్వాత నడుము ఒక పక్కకి వాలి, వెనకభాగం ధభీమని కూలబడింది. పొట్ట రెండుసార్లు ఊగింది. అమ్మాయి ఫోన్లో వీడియో ఆపెయ్యబోయింది.

"ఆపకు" అన్నాను.

తల నేలకి వాల్చి, గేదె ముక్కులోంచి ఊపిరి బయటికి వదిలింది. ముందున్న ఊకంతా లేచి చెదిరింది.